హాస్టల్ బ్యాగులో గంజాయి పొట్లం: ఒక తల్లి ప్రశ్నకు ప్లీడరు సమాధానం

ప్రశ్న: మాది గుంటూరు. మావారు మిర్చి యార్డులో గుమస్తా. అబ్బాయి విజయవాడ దగ్గర హాస్టల్లో ఉండి బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాడు, 19 ఏళ్లు. సెలవులకు వచ్చాడు. ఉతకడానికి బట్టలు తీద్దామని బ్యాగు విప్పితే చిన్న గంజాయి పొట్లం, చుట్టుకునే కాగితాలు కనిపించాయి. గట్టిగా అడిగితే ఏడాదిగా అలవాటుందని ఒప్పుకున్నాడు. వాడి రూమ్మేటును పది రోజుల కిందట పోలీసులు తీసుకెళ్లారట. పోలీసులకు అప్పజెపితే వాళ్లే నాలుగు తగిలించి దారిలో పెడతారని మా మరిది అంటున్నాడు. ఫోన్ లాక్కుని ఆరు నెలలు బయటకు వదలని డీ-అడిక్షన్ సెంటరు ఒకటుంది, అందులో పడేద్దామని మా అన్నయ్య అంటున్నాడు. కేసు అవుతుందా? ఎక్కడ చూపించాలి? రేపు ఉద్యోగం, పాస్‌పోర్టు వస్తాయా? ఇంత పెద్ద చట్టాలున్నాయంటారు, మరి ఇది హాస్టల్ గుమ్మం దాకా ఎలా వస్తోంది?

సమాధానం:

అమ్మా, మీ మరిది గారు చెప్పినట్టు చేయకండి, మీ అన్నయ్య గారు చెప్పినట్టూ చేయకండి. ఈ వారంలోనే అబ్బాయిని వెంటబెట్టుకుని గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. వీలైతే మీవారినీ తీసుకెళ్లండి. ఓపీ చీటీ, డాక్టరు గారు రాసిన ప్రతి కాగితం దాచిపెట్టండి. మిగతా పనులన్నీ దాని తర్వాతే. ఇది ఎందుకు ముందో తెలియాలంటే చట్టం కొంచెం చెప్పాలి, ఓపిక పట్టండి. నేను విజయవాడ, గుంటూరు కోర్టుల్లో చాలా ఏళ్లుగా క్రిమినల్ కేసులు చేస్తున్నాను. ఎన్‌డీపీఎస్ కేసులు వాటిలో ఎక్కువ. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ తరఫున, ప్లీడరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిలకు కూడా చేశాను.

ఎన్‌డీపీఎస్ అంటే 1985 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న మాదకద్రవ్యాల చట్టం. అంతకుముందు బ్రిటిషు కాలం నాటి నల్లమందు చట్టాలు, 1930 నాటి డేంజరస్ డ్రగ్స్ చట్టం ఉండేవి. వాటిలో శిక్షలు తేలిక. కొత్త చట్టం వాటి స్థానంలో వచ్చి శిక్షలు బాగా పెంచింది. మొదట్లో ఎంత సరుకు దొరికిందన్న తేడా పెద్దగా లేకుండా అందరికీ ఒకే రకం కఠిన శిక్ష పడేది. 2001 సవరణ తర్వాత శిక్షను తూకం నిర్ణయిస్తోంది. గంజాయి అయితే కిలో లోపు ఉంటే స్మాల్ క్వాంటిటీ. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ. మధ్యలో ఉన్నదంతా ఒక వర్గం. స్మాల్ క్వాంటిటీకి ఏడాది వరకు కఠిన జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మధ్య వర్గానికి పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. కమర్షియల్ అయితే పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు జైలు, లక్షకు తగ్గకుండా జరిమానా. ఇవన్నీ 20వ సెక్షన్‌లో ఉంటాయి. తాగడానికి వేరే సెక్షన్ ఉంది, 27. గంజాయి తాగితే ఆరు నెలల వరకు జైలు గానీ, 10 వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ.

గంజాయికి కిలో అనే లెక్క విన్న పిల్లలు మిగతా వాటికీ అలాగే ఉంటుందనుకుంటారు. హెరాయిన్‌కు స్మాల్ క్వాంటిటీ 5 గ్రాములు. కొకైన్‌కు 2 గ్రాములు. ఎండీఎంఏకు అర గ్రాము, 10 గ్రాములు దాటితే కమర్షియల్. ఎల్‌ఎస్‌డీకి స్మాల్ క్వాంటిటీ 2 మిల్లీగ్రాములు, 100 మిల్లీగ్రాములు దాటితే కమర్షియల్. పైగా మత్తుమందులో ఇంకేదైనా కలిసి ఉంటే, కలిపినదాంతో సహా మొత్తం బరువు లెక్కలోకి వస్తుందని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ట్రమడాల్, ఆల్‌ప్రజోలం లాంటి మాత్రలు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. డాక్టరు చీటీ లేకుండా వాటి స్ట్రిప్పులు జేబులో పెట్టుకు తిరిగితే కేసే. మీవాడు గంజాయి ఒక్కటేనా, మాత్రలు కూడా వేస్తున్నాడా అన్నది డాక్టరు గారి ముందు నిజం చెప్పించండి. మీకు చెప్పకపోయినా ఆయనకు చెప్పాలి.

మీ ఇంట్లో దొరికింది గుప్పెడే అయ్యుంటుంది. దాని ఒక్కదానితో చూస్తే మీవాడిది చట్టంలో అన్నిటికన్నా చిన్న కేసు. పొట్లం కన్నా రూమ్మేటు సంగతే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

హాస్టళ్లలో ఇది ఎలా నడుస్తుందో చెబుతాను. నలుగురైదుగురు కుర్రాళ్లు తలా ఇంత వేసుకుంటారు. ఒకడు వెళ్లి తెస్తాడు. తెచ్చినందుకు వాడి వాటాకు డబ్బులు తీసుకోరు. కొన్నాళ్లకు పక్క గది వాళ్లు కూడా వాణ్నే అడుగుతారు. ఇంటి నుంచి వచ్చే పాకెట్ మనీ చాలదు, చేయి అప్పులు ఉంటాయి, అమ్మేవాడు రెండు పొట్లాలు అరువు కూడా ఇస్తాడు. ఇంకో రెండు నెలలకు వాడు తాగేవాడో అమ్మేవాడో వాడికే తెలియదు. తాను అమ్మకం మొదలుపెట్టానని ఏ కుర్రాడూ నాతో అనలేదు. “ఫ్రెండ్స్ కోసం తెచ్చాను సార్” అంటారు. నిజంగా అలాగే అనుకుంటారు కూడా.

పైనున్న అమ్మకందారు ఎక్కడో 22 కిలోలతో దొరికాడనుకోండి. పోలీసులు వాడి ఫోన్ తీస్తారు. కాల్ డేటా, వాట్సాప్, యూపీఐ చెల్లింపులు చూస్తారు. 500, 800 చొప్పున పంపిన పేర్ల వరుస కనబడుతుంది. అందులో నెలకొకసారి పంపినవాణ్ని పిలిచి మాట్లాడి వదిలేయొచ్చు. వారానికి మూడుసార్లు పంపినవాణ్ని, వాడికి ఇంకెవరో డబ్బులు పంపుతున్నట్టు కనబడితే, 29వ సెక్షన్ కలిపి ముద్దాయిగా చేరుస్తారు. 29 అంటే కుట్ర, ప్రోత్సాహం. అసలు నేరానికి ఏ శిక్షో దానికీ అదే. ఒంటి మీద గ్రాము దొరక్కపోయినా మీవాడు 22 కిలోల కేసులో ఏ7, అంటే ఏడో ముద్దాయి అవుతాడు. నేను చేసిన విద్యార్థుల కేసుల్లో జైలు దాకా వెళ్లినవాళ్లు ఎక్కువగా ఇలా వెళ్లినవాళ్లే, సొంత పొట్లంతో దొరికి వెళ్లినవాళ్లు తక్కువ.

కమర్షియల్ క్వాంటిటీ కేసు అయితే 37వ సెక్షన్ అడ్డం పడుతుంది. ఈ ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉందని, బయటికొస్తే మళ్లీ చేయడని జడ్జి గారికి నమ్మకం కలిగితేనే బెయిల్. మామూలు కేసుల్లో 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కవుతుంది, ఇందులో ఆ గడువు 180 రోజులు. కోర్టు అనుమతిస్తే ఏడాది దాకా పొడిగించవచ్చు కూడా. ఒక విద్యా సంవత్సరం అలాగే పోతుంది. తోటి ముద్దాయి పేరు చెప్పాడన్న ఒక్క మాట మీద శిక్ష నిలబడదు, 2020లో తోఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ విషయంలో మనకు అనుకూలమే. కానీ శిక్ష సంగతి విచారణ చివర్న తేలేది. అరెస్టు, రిమాండ్ మొదట్లోనే అయిపోతాయి.

అందుకని రూమ్మేటు మీద ఏ స్టేషన్లో కేసు కట్టారో, ఎంత తూకం చూపించారో, ఎఫ్‌ఐఆర్‌లో ఇంకెవరి పేర్లున్నాయో ముందు కనుక్కోండి. ఎఫ్‌ఐఆర్ నకలు ప్లీడరు తెప్పించగలరు. మీవాణ్ని కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు అడగండి: ఎవరికి డబ్బులు పంపావు, నీకు ఎవరు పంపారు? రెండోదానికి జవాబు రాకపోతే ఆలస్యం చేయకుండా ప్లీడరు దగ్గరికి వెళ్లండి. ఫోన్ ఫార్మాట్ చేయించేయమని సలహా ఇచ్చే బంధువు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. చేయించకండి. బ్యాంకు దగ్గర లెక్కలు ఎలాగూ ఉంటాయి. ఫోన్ ఖాళీగా కనబడితే సాక్ష్యం చెరిపాడన్న మాట ఇంకొకటి తోడవుతుంది. స్టేషన్ నుంచి నోటీసు వస్తే ప్లీడరును వెంటబెట్టుకుని చెప్పిన రోజున హాజరవ్వండి. మేనత్త ఊరికో, హైదరాబాదుకో పంపేస్తే పరారీలో ఉన్నాడని రాస్తారు. ఆ ఒక్క మాట తర్వాత బెయిల్ దగ్గర చాలా నష్టం చేస్తుంది.

పొట్లం గురించి కూడా చెప్పాలి. సాక్ష్యంగా ఉంటుందనో, మీవారికి చూపించాలనో బీరువాలో దాచకండి. తెలిసి ఇంట్లో ఉంచనిస్తే ఇంటివాళ్ల మీదకూ 25వ సెక్షన్ రావచ్చు. సంచిలో పెట్టుకుని బస్సెక్కి ఎవరి దగ్గరికీ తీసుకెళ్లకండి. మళ్లీ వాడి చేతికి ఇవ్వనూ ఇవ్వకండి. దాన్ని ఏం చేయాలన్నది మీ ప్లీడరుతో ఈ రోజే ఎదురుగా కూర్చుని మాట్లాడండి, వాట్సాప్‌లో కాదు. బండి విషయంలో కూడా జాగ్రత్త. సరుకు మోసిన వాహనాన్ని జప్తు చేసే అధికారం చట్టంలో ఉంది. నాన్న బండి వేసుకెళ్లి తెచ్చే కుర్రాళ్లకు ఇది తెలియదు, నాన్నలకు అసలే తెలియదు.

ఇప్పుడు ఆసుపత్రి ముందు అని ఎందుకన్నానో వినండి. ఇదే చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైనవాడు, తాగిన నేరం గానీ స్మాల్ క్వాంటిటీ నేరం గానీ ఎదుర్కొంటున్నవాడు, తనంతట తాను చికిత్సకు వెళ్లి చికిత్స తీసుకుంటే ఆ నేరాలకు ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. ఇందులో మూడు సంగతులు జాగ్రత్తగా చూడండి. తనంతట తాను వెళ్లాలి. వెళ్లిన ఆసుపత్రి ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ నడిపేదో, వాటి గుర్తింపు ఉన్నదో అయ్యుండాలి. చికిత్స పూర్తి చేయాలి. పోలీసులు పట్టుకున్న తర్వాత కూడా ఈ సెక్షన్ అడగొచ్చు, కానీ పట్టుకోకముందు తేదీతో జీజీహెచ్ ఓపీ చీటీ ఉంటే, తనంతట తాను వెళ్లాడని నేను వేరే నిరూపించనక్కర్లేదు. పక్కా గుర్తింపు లేని సెంటరు వాళ్లిచ్చే సర్టిఫికెట్టు ఇక్కడ పనికిరాదు. అలాగే ఈ రక్షణ వ్యసనపరుడికే. ఎప్పుడో ఒకసారి సరదాకు తాగినవాడు అందులోకి వస్తాడా అన్న వాదన వస్తుంది, కాబట్టి అలవాటు ఎంత ముదిరిందో డాక్టరు రాసిన కాగితం ముఖ్యం. మీవాడిది ఏడాది అలవాటు అంటున్నారు.

39వ సెక్షన్ అని ఇంకొకటి ఉంది. తాగినందుకో, స్మాల్ క్వాంటిటీకో నేరం రుజువైనా సరే, ముద్దాయి వ్యసనపరుడైతే, అతను ఒప్పుకుంటే, జైలుకు బదులు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్సకు పంపి, బాండు రాయించుకుని వదిలే అధికారం కోర్టుకుంది. ఈ రెండు సెక్షన్లూ కోర్టుల్లో చాలా తక్కువగా వినబడతాయి. కుర్రాడు నేరం ఒప్పేసుకుని జరిమానా కట్టి సాయంత్రానికి ఇంటికి పోవడమే అందరికీ సులువు. ప్లీడరుకూ సులువు. కానీ జరిమానా కట్టిన రోజే వాడికి శిక్ష పడినట్టు రికార్డవుతుంది, ఆ ముచ్చట ఇంట్లోవాళ్లకు ఉద్యోగం వచ్చేటప్పుడు గానీ తెలియదు.

రక్షణ స్మాల్ క్వాంటిటీ దగ్గరే ఆగిపోతుంది. పైన చెప్పిన 22 కిలోల కేసులో ఏ7గా చేర్చాక 64ఏ పనికిరాదు. కాబట్టి నాలుగు రోజులు చూద్దాం, నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది అని మీరు ఆగితే, ఆ ఆగిన రోజుల్లో వాడు మళ్లీ అదే గదికి, అదే వాట్సాప్ గ్రూపుకు వెళ్తాడు.

మీ మరిది గారి ఆలోచన సంగతి. పోలీసులు చాలాసార్లు తల్లిదండ్రులను పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపుతారు, నిజమే. అది ఆ అధికారి విచక్షణ. ఒకసారి సరుకు పట్టుకున్నట్టు మధ్యవర్తుల నివేదిక రాసి, ఎఫ్‌ఐఆర్ కట్టాక ‘మా అబ్బాయే కదా, వెనక్కి తీసుకుంటాం’ అంటే కుదరదు. ఇది రాజీ పడగలిగే నేరం కాదు. అమ్మేవాడి గురించి చెప్పాలనుకుంటే 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఈగల్ విభాగం నంబరు 1972 ఉంది, కేంద్ర నార్కోటిక్స్ బ్యూరో వాళ్ల 1933 ఉంది. ఆ నంబర్లకు అమ్మేవాడి వివరం చెప్పండి, మీవాడి పేరు చెప్పే ముందు ప్లీడరుతో మాట్లాడండి.

మీ అన్నయ్య గారి సెంటరు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం, మత్తుమందుల వాడకంతో వచ్చే మానసిక స్థితి కూడా మానసిక అనారోగ్యం నిర్వచనంలో ఉంది. అంటే ఇలాంటివాళ్లను చేర్చుకుని ఉంచే సెంటరు ఆ చట్టం కింద రిజిస్టరు అయ్యుండాలి. మేజరైన మనిషిని వాడి ఇష్టం లేకుండా ఆరు నెలలు గదిలో పెట్టడం కుదరదు. సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నాడని తేలితేనే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి రాస్తేనే ఇష్టంతో పనిలేకుండా చేర్చుకోవచ్చు. అది కూడా మొదట 30 రోజుల వరకే. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. సెంటరుకు వెళ్తే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు చూపించమనండి. సైకియాట్రిస్టు రోజూ వస్తారా, నెలకోసారి సంతకానికి వస్తారా అడగండి. లోపల ఉన్నవాణ్ని మీరు ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చా అడగండి. చివరి ప్రశ్నకు నసిగితే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. కొట్టి మాన్పిస్తామనే చోట్ల నుంచి బయటికొచ్చిన కుర్రాళ్లను చూశాను. గంజాయి మీద కోపం కన్నా తల్లిదండ్రుల మీద కోపం ఎక్కువగా తీసుకొస్తారు.

నేను డాక్టరును కాను, అయినా ఆసుపత్రుల్లో ఏం జరుగుతుందో చూసి చెప్పగలిగినంత చెబుతాను. గంజాయికి చాలామందికి అడ్మిషన్ అక్కర్లేదు. మానేసిన మొదటి వారం నిద్ర పట్టదు, అన్నం సయించదు, చిరాకు, చెమటలు, పిచ్చి కలలు. రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. నిద్రకు, ఆందోళనకు మందులు ఇస్తారు గానీ గంజాయిని మాన్పించే మాత్ర అంటూ ప్రత్యేకంగా లేదు. అసలు పని కౌన్సెలింగే, అది నెలల తరబడి సాగుతుంది. ఆ మొదటి వారంలో వాడు మీ మీద విసుక్కుంటే అహంకారం అనుకోకండి, గొడవ పెట్టుకోకండి. ఎవరో వెంటపడుతున్నారని, గోడవతల మాటలు వినబడుతున్నాయని అంటుంటే మాత్రం ఓపీ రోజు కోసం చూడకుండా వెంటనే తీసుకెళ్లండి. మానేశాక కూడా రోజూ తాగే అలవాటున్నవాడి మూత్ర పరీక్షలో కొన్ని వారాల దాకా గంజాయి కనబడుతుంది. పరీక్షలో వచ్చింది కాబట్టి మళ్లీ తాగాడని గొంతు పట్టుకోకండి. మాత్రలు, ఇంజెక్షన్ల అలవాటుంటే కథ వేరు, వాటిని ఇంట్లో ఒక్కసారిగా ఆపించకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. విజయవాడలో ఉంటే అక్కడి జీజీహెచ్‌లో, ఇటు మంగళగిరి ఎయిమ్స్‌లో కూడా సైకియాట్రీ విభాగాలున్నాయి. ఫోన్లో ముందు మాట్లాడాలంటే కేంద్రం వాళ్ల డీ-అడిక్షన్ నంబరు 14446.

ఎలా వస్తోందని అడిగారు కదా. విజయవాడ ఎక్కడుందో చూస్తే సగం అర్థమవుతుంది. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పండేది నర్సీపట్నం, తుని వైపు దిగి 16వ నంబరు హైవే ఎక్కుతుంది. విజయవాడ దగ్గర చీలి ఒకటి హైదరాబాదుకు, ఒకటి చెన్నైకి పోతుంది. రైలు అయినా ఎక్కువగా ఈ జంక్షన్ మీదుగానే. పెద్ద సరుకుకు మన ఊరు దారి మాత్రమే. కానీ దారిలో కొంత దిగుతుంది, చుట్టూ వందల హాస్టళ్లున్న చోట దిగినదానికి గిరాకీ వెతుక్కోనక్కర్లేదు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికేశారు. ఇప్పుడు ఎక్కువ సరుకు సరిహద్దుకు అవతల ఒడిశా వైపు నుంచి వస్తోందని పోలీసులే చెబుతున్నారు. తోట నరికిన చోట గిరిజన రైతుకు అంతే డబ్బిచ్చే ఇంకో పంటకు కొనేవాడు, రోడ్డు, ముందస్తు పెట్టుబడి దొరకకపోతే తోట ఇంకో కొండకు జరుగుతుంది.

కోర్టులో నిలబడేవాళ్లలో కొండ మీద నుంచి బ్యాగు మోసుకొచ్చిన గిరిజన కుర్రాళ్లు, ఆటో డ్రైవర్లు, కూలికి వచ్చిన ఆడవాళ్లు ఎక్కువ. వ్యాపారికి చట్టం మనకన్నా బాగా తెలుసు. ఒక్కో మనిషి చేతికి 20 కిలోలు దాటకుండా సరుకు పెడతాడు. పూత మొగ్గలు లేని ఉత్త ఆకు, గింజ గంజాయి నిర్వచనంలోకి రావని, పోలీసులు తూచినదాంట్లో కాడలు, ఆకులు ఎంతో తేల్చాలని వాదించడానికి పెద్ద ప్లీడర్లను పెట్టుకోగలడు. బ్యాగు మోసినవాడికి ఆ వాదన ఉందని కూడా తెలియదు. 1988లో తెచ్చిన ముందస్తు నిర్బంధ చట్టం ఉంది, అక్రమ ఆస్తుల జప్తుకు ఎన్‌డీపీఎస్‌లోనే ఒక అధ్యాయం ఉంది. ఈ మధ్య వాటిని ఎక్కువగా వాడుతున్నారు. నా ఉద్దేశంలో పని చేసేవి అవే. ఇరవై ఏళ్ల శిక్ష ఉన్న చట్టానికి భయపడనివాడు కూడా ఇల్లు, స్థలం పోతాయంటే భయపడతాడు. 18 లోపు పిల్లలతో సరుకు అమ్మించినా, మోయించినా జువెనైల్ జస్టిస్ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు. ఆ సెక్షన్‌ను ఛార్జిషీటులో కలపాలని స్టేషన్లో అడిగేవాళ్లు తక్కువ.

2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా పోర్టులో దాదాపు మూడు టన్నుల హెరాయిన్ దొరికింది. దిగుమతి చేసుకున్న సంస్థ అడ్రసు విజయవాడది కావడంతో ఊరంతా అదే మాట. కేసు ఎన్‌ఐఏకి వెళ్లింది. అంత హడావుడిలోనూ మన హాస్టళ్ల గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 2019లో ఇచ్చిన జాతీయ సర్వేలో గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్లు 10 నుంచి 75 ఏళ్ల వయసులో 2.8 శాతం, మద్యం తాగేవాళ్లు 14.6 శాతం అని తేలింది. పెద్దవాళ్లకన్నా పిల్లల్లో ఎక్కువగా ఉన్నవి పీల్చే మందులు: వైట్‌నరు, పంక్చరు సొల్యూషన్ లాంటివి. పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58. రైల్వే స్టేషన్ పరిసరాల్లో గుడ్డ ముక్క ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చునే పిల్లలను మనమంతా చూశాం. ఆ సొల్యూషన్ డబ్బా ఎన్‌డీపీఎస్ కిందికి రాదు.

కాలేజీ సంగతి. విషయం తెలిస్తే సస్పెండ్ చేసి చేతులు దులుపుకునే యాజమాన్యాలు ఉన్నాయి. ర్యాగింగ్ లాగే దీన్నీ పేపర్లో పడకుండా చూసుకోవడమే వాళ్ల మొదటి పని. ప్రిన్సిపాల్‌కు మొత్తం కథ చెప్పక్కర్లేదు. ఆరోగ్యం బాగోలేదని, చికిత్స జరుగుతోందని, హాస్టల్ ఖాళీ చేసి ఇంటి నుంచి తిరుగుతాడని రాసివ్వండి. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రైలు పాసు మీద తిరిగే విద్యార్థులు ఎంతమంది లేరు. చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టకండి. పనిలేకుండా మధ్యాహ్నాలు గడపడం ఈ అలవాటుకు ఎంత అనుకూలమో మీ డాక్టరు గారిని అడిగినా చెబుతారు. చేతికి డబ్బు తక్కువ ఇవ్వండి, కాలేజీ ఫీజు మీరే కట్టండి. పాత అప్పులు ఎవరికెంతో రాయించుకోండి. తోటి విద్యార్థికి మెస్ బిల్లు కింద బాకీ ఉంటే తీర్చేయండి. సరుకు ఇచ్చినవాడికి బాకీ ఉందంటే మాత్రం మీ ఖాతా నుంచి గానీ మీవారి ఖాతా నుంచి గానీ ఒక్క రూపాయి పంపకండి. ఆ పేరు పక్కన మీ పేరు పడుతుంది. వాడు బెదిరిస్తే ఆ మెసేజీలు తీసుకుని ప్లీడరు దగ్గరికి వెళ్లండి.

ఉద్యోగం, పాస్‌పోర్టు గురించి. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు ఆపొచ్చు, అప్పుడు ఆ కోర్టు నుంచే అనుమతి తెచ్చుకోవాలి. అనుమతి రావడం అసాధ్యం కాదు, ఆలస్యం అవుతుంది. ప్రభుత్వ ఉద్యోగానికి వెరిఫికేషన్ ఫారంలో కేసులున్నాయా అని అడుగుతారు. ఉంటే ఉన్నట్టు రాయాలి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, చిన్న కేసును నిజాయితీగా చెప్పినవాడి విషయంలో యజమాని పరిస్థితులన్నీ చూసి నిర్ణయం తీసుకోవచ్చు. దాచినట్టు తేలితే ఆ దాచడమే ఉద్యోగం తీసేయడానికి కారణం కావచ్చు. మీవాడి మీద ఈ రోజుకు కేసు లేదు. ఆసుపత్రికి వెళ్లడం కేసు కాదు, ఏ ఫారంలోనూ దాన్ని క్రిమినల్ కేసుల గడిలో రాయనక్కర్లేదు. చికిత్స వివరాలు రహస్యంగా ఉంచాలని 2017 చట్టమే చెబుతోంది. డాక్టరు గారు రాసిన మొదటి కాగితం మీద తేదీ, ఆసుపత్రి స్టాంపు ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకుని, ఒక జిరాక్సు మీ దగ్గర, ఒకటి ప్లీడరు దగ్గర ఉంచండి.